ఓపియాయిడ్ (మత్తెక్కించే నొప్పి మందుల) కేసుల సెటిల్‌మెంట్ డబ్బు మన ఊరికి వస్తోందా?

కొలంబస్_వాసి:
మా వీధిలో ఒక కుర్రాడు ఫెంటనిల్ అనే ఓపియాయిడ్ వల్ల పోయాడు, వాళ్లమ్మకి ఎదురుపడాలంటేనే గుండె పిండేసినట్టుంది. ఈ కేసుల్లో మందుల కంపెనీల నుంచి రాబట్టిన డబ్బంతా ఎక్కడికి పోతోంది? మనలాంటి వాళ్లు అడగొచ్చా?

శ్రీను_ఒహైయో:
తప్పకుండా అడగొచ్చండీ. 2021లో మూడు పెద్ద మందుల డిస్ట్రిబ్యూటర్లు, జాన్సన్ అండ్ జాన్సన్ కలిసి 2,600 కోట్ల డాలర్ల దాకా ఇస్తామని ఒప్పుకున్నాయి, డిస్ట్రిబ్యూటర్ల వాటా 18 ఏళ్ల పాటు విడతలుగా వస్తుంది. మన ఒహైయో రాష్ట్రానికి వచ్చేదాంట్లో 55 శాతం, ఈ డబ్బు పంచడానికి పెట్టిన వన్‌ఒహైయో రికవరీ ఫౌండేషన్‌కి, 30 శాతం ఊళ్లకీ కౌంటీలకీ, మిగతాది రాష్ట్ర ప్రభుత్వానికి. ఆ 30 శాతం మీద కన్నేసి ఉంచండి, అది ఖర్చయ్యేది మీ కౌన్సిల్ చేతుల మీదుగానే.

నర్సు_లక్ష్మి:
పోస్టర్లకీ ర్యాలీలకీ తగలేస్తే మాత్రం గట్టిగా అడగండి. ప్రాణాలు నిలిపేది ఓపియాయిడ్ వ్యసనానికి ఇచ్చే బుప్రెనార్ఫిన్, మెథడోన్ లాంటి మందుల చికిత్స. 2023 నుంచి బుప్రెనార్ఫిన్ రాయడానికి డాక్టర్లకు ప్రత్యేక అనుమతి కూడా అక్కర్లేదు, అయినా కారు లేనివాడు క్లినిక్‌కి ఎలా వెళ్తాడు, దానికివ్వాలి డబ్బు. ఓపియాయిడ్ ఓవర్‌డోస్‌కి విరుగుడైన నార్కాన్ ముక్కు స్ప్రే ఇంట్లో పెట్టుకోండి: ఒక ముక్కు రంధ్రంలో కొట్టి ఎమర్జెన్సీ నంబర్ 911కి ఫోన్ చేయాలి, రెండు మూడు నిమిషాల్లో తేరుకోకపోతే రెండో రంధ్రంలో ఇంకోటి.

హరిత:
మనవాళ్లు పరువు పోతుందని దాచేస్తారు, అదే నాకు కోపం. సర్జరీ తర్వాత మిగిలిన ఆక్సికోడోన్ (ఇదీ ఓపియాయిడ్ నొప్పి మాత్రే) సీసా చాలా ఇళ్లలో అలాగే పడి ఉంటుంది, ముందు అది మిగిలిన మందులు పడేసే ఫార్మసీ డ్రాప్ బాక్సులో వేయండి.

కొలంబస్_వాసి:
థాంక్సండీ. కౌన్సిల్ మీటింగ్‌లో మాట్లాడటానికి పేరు ఇస్తున్నా, గుడి కమిటీని నార్కాన్ ట్రైనింగ్ కోసం అడుగుతా. దగ్గర్లో ఉన్నవాళ్లెవరైనా తోడు వస్తారా?