కత్తులు, డ్రిల్లు బిట్లు ఇంట్లోనే సాన పట్టుకోవాలా, సానాయనకి ఇవ్వాలా?

కావలి వంటిల్లు:
మా ఇంట్లో ఒక పంచాయితీ తెగడం లేదు, మీరన్నా తేల్చండి. సైకిల్ మీద సాన చక్రం పెట్టుకుని వీధిలోకి వచ్చే ఆయన చేత మా అత్తమ్మ కత్తులు, కత్తిపీట పట్టిస్తారు. మా ఆయన ఈ మధ్య బెంచ్ గ్రైండర్ (బల్లకి బిగించే మోటారు సాన చక్రం) కొన్నాడు, ఇక వంటింటి కత్తుల దగ్గర్నుంచి డ్రిల్లు బిట్ల దాకా అన్నీ ఇంట్లోనే, బయట పైసా ఇచ్చేది లేదంటాడు. ఆవకాయ ముక్కలు కొట్టే రోజులొస్తున్నాయి, చూస్తే స్టీలు కత్తి టమాటా తొక్కలోకి కూడా దిగడం లేదు. ఎవరి మాట వినాలి?

నెల్లూరు ఫిట్టర్:
అక్కా, ముందు ఆ కత్తిని గ్రైండర్ దగ్గరికి పోనివ్వద్దు. అది నిమిషానికి సుమారు 2,800 చుట్లు తిరుగుతుంది, కత్తి అంచేమో బాగా పల్చన, అక్కడ పుట్టిన వేడి పోవడానికి చోటుండదు. మామూలు ఉక్కు 200 డిగ్రీలు దాటాక మెత్తబడటం మొదలవుతుంది, అంచు మీద నీలం రంగు కనిపించిందంటే 300 దాకా పోయినట్టే. ఆ మేరకి పదును నిలవదు, దాన్ని మొత్తం అరగదీసి పారేసేదాకా ఆ కత్తి బాగుపడదు.

హార్డ్‌వేర్ షాపులో కార్బొరండం రాయి దొరుకుతుంది, ఒకవైపు గరుకు, ఒకవైపు నునుపు. తడిగుడ్డ మీద కదలకుండా పెట్టుకుని, కత్తిని ఒక్కో వైపు 15 నుంచి 20 డిగ్రీల వాలులో పట్టి రుద్దాలి. డిగ్రీలు ఎట్టా కొలవాలంటావేమో, నాలుగున్నర సెంటీమీటర్ల వెడల్పున్న కత్తికి వెన్ను రాయి మీద నుంచి ఒకటిన్నర సెంటీమీటర్లు లేస్తే 20 డిగ్రీలకు దగ్గరగా వచ్చినట్టే. ఒకవైపే రుద్దుతూ పోతే అంచు అవతలి వైపుకి సన్నటి పొర తిరుగుతుంది. బొటనవేలిని వెన్ను నుంచి అంచు వైపుకి (అంచు వెంబడి కాదు సుమా, తెగుద్ది) మెల్లగా జరిపితే గరుకుగా తగులుతుంది. పిడి దగ్గర్నుంచి మొన దాకా అది తగిలాకే కత్తిని రెండోవైపు తిప్పాలి. చాలామంది ఆ పొర రాకముందే తిప్పేసి, ఈ రాళ్లతో ఏం కాదు అని వదిలేస్తారు. చివర్లో నునుపు వైపు మీద బరువెయ్యకుండా అటూ ఇటూ మార్చి లాగితే ఆ పొర పోతుంది.

డ్రిల్లు బిట్ల సంగతి వేరు, అవి గ్రైండర్ మీదే పట్టాలి. మీ ఆయన కొన్నది దండగేం కాదు.

ఒంగోలు లేత్:
ఫిట్టరన్న చెప్పింది సగమే ఒప్పుకుంటా. చెయ్యి తెలిసినవాడు కత్తిని చక్రం మీద ఆపడు, పిడి నుంచి మొన దాకా ఒక్క లాగుతో పోతాడు, నీళ్లలో ముంచుతాడు, మళ్లీ లాగుతాడు. వేలు పెట్టలేనంత వేడి ఎక్కనివ్వడు. రవ్వలు చూసి కత్తి కాలిపోతోందని కంగారుపడతారు గానీ, అవి ఊడిపోయిన ఉక్కు పొడి గాలిలో మండటం, కత్తి కాలినట్టు కాదు. చూడాల్సింది రంగు. సైకిల్ సానాయన చక్రం కాలితో తొక్కితే తిరిగేది, మోటారంత వేగం రాదు. కాబట్టి అత్తమ్మగారి పద్ధతిలో తప్పేం లేదు.

నా అభ్యంతరమంతా ఇంట్లో డ్రిల్లు బిట్టు పట్టడం మీదే. మొన 118 డిగ్రీలుండాలి, రెండు కోత అంచులూ ఒకే పొడవుండాలి. ఒకటి పొడుగైతే 8 మిల్లీమీటర్ల బిట్టుతో వేసిన బొక్క అంతకంటే పెద్దదవుతుంది, బోల్టు లూజు. మొన పైకి పట్టి చూస్తే అంచు వెనక భాగం కాస్త కిందికి వాలాలి, పది డిగ్రీలు అటూ ఇటూగా. ఇంట్లో పట్టి మా దగ్గరికి తెచ్చే బిట్లలో ఈ వెనక వాలే ఉండదు, చూస్తే మొన తళతళలాడుతుంటుంది, ఇనుములోకి మాత్రం దిగదు. వెనక భాగం ఇనుముకి రాసుకుంటూ కాలుతుంది, పైనుంచి బలంగా నొక్కితే టక్కున విరుగుతుంది. 3 మిల్లీమీటర్ల బిట్టు మొద్దుబారితే కొత్తది కొనుక్కోండి సామీ.

నెల్లూరు ఫిట్టర్:
చిన్నవి పారెయ్యమంటే సరే. 6 మిల్లీమీటర్ల పైన ఉన్నవి ఎందుకు పారెయ్యాలి? కోణం చూడ్డానికి లేత్ అక్కర్లేదన్నా. ఒకే సైజు ఆరు పలకల నట్లు రెండు తీసుకుని పలకా పలకా ఆనించి బల్ల మీద పెడితే మధ్యలో వచ్చే సందు సరిగ్గా 120 డిగ్రీలు. బిట్టు మొన అందులో వెలుతురు కనపడకుండా కూర్చుంటే ఇంటి పనికి చాలు. తర్వాత ఇనుప ముక్కలోకి దించి చూడండి, రెండు గాళ్లలోంచీ రజను ఒకేలా చుట్టలు చుట్టుకుంటూ రావాలి. ఒకదాంట్లోంచే వస్తుంటే రెండో అంచు పొట్టిదై ఊరికే తిరుగుతున్నట్టు.

ఇంకోటి, హై స్పీడ్ స్టీల్ బిట్టు 500 డిగ్రీల వేడికి కూడా గట్టితనం పోగొట్టుకోదు, అందుకే దానికి చక్రం ఫర్వాలేదంటున్నా. కానీ బాగా కాలాక గభాల్న నీళ్లలో ముంచితే అంచులో కంటికి కనపడని పగుళ్లొస్తాయి. గాలికే చల్లారనివ్వాలి.

చీమకుర్తి గ్రానైట్:
గోడ బొక్కల బిట్టు సంగతి ఎవరూ ఎత్తలేదు. దాని మొనలో అతికించిన ముక్క టంగ్‌స్టన్ కార్బైడ్. గ్రైండర్‌తో పాటు వచ్చే బూడిద రంగు చక్రానికి అది లొంగదు, చుట్టూ ఉన్న మెత్తటి ఉక్కు అరిగి చివరికి ముక్కే ఊడొస్తుంది. ఆకుపచ్చ సిలికాన్ కార్బైడ్ చక్రం గానీ డైమండ్ చక్రం గానీ కావాలి, ఆ దుమ్ము పీల్చకూడదు కూడా. ఇంట్లో నాలుగు మేకులు కొట్టుకునేవాళ్లకి అదంతా ఎందుకు?

అసలు కత్తి ఎందుకు మొద్దుబారుతోందో ఆ అక్కని ఎవరూ అడగలేదు. మా వైపు చాలా ఇళ్లలో వంటగట్టు మీద బ్లాక్ గెలాక్సీ గ్రానైట్ బండే, ఉల్లిపాయలు తరిగేదీ దాని మీదే. మా ఊరి రాయి అని గొప్పలు చెప్పుకుంటాం గానీ, రాతికి తగిలిన ప్రతిసారీ అంచు ముడుచుకుంటుంది. చెక్క పలక ఒకటి కొనకుండా సాన గురించి ఈ కొట్లాట ఏందో నాకర్థం కాదు.

కోవూరు పెద్దమ్మ:
కత్తిపీట ఊసే ఎత్తరేం నాయనా? పీటకి బిగించిన కత్తిని రాయి దగ్గరికి తీసుకుపోలేం, రాయే కత్తి దగ్గరికి రావాలి. వంపు ఉన్నచోట చదును రాయి ఆనదు, అంచు గుండ్రంగా అరిగిన ముక్కతో కింద నుంచి పైకి రుద్దాలి. అయ్యాక తడి తుడిచి నూనె చుక్క రాయండి, లేకపోతే తెల్లారేసరికి తుప్పు. నన్నడిగితే కత్తిపీట మాత్రం సానాయనకే ఇస్తా. ఇంకోమాట, ఆవకాయ కత్తికి మరీ సన్నటి పదును పెట్టించబాకమ్మా, టెంక మీద పడగానే అంచు పెచ్చులూడుద్ది. దానికి కాస్త మందం ఉండాలి.

కావలి వంటిల్లు:
అందరికీ థ్యాంక్స్. చెక్క పలక మాట నిజమే, మాదీ గ్రానైట్ గట్టే. గ్రైండర్ బిట్ల వరకే అని మా ఆయన ఇంకా ఒప్పుకోలేదు, ముందు పాత కత్తి మీద చూస్తాడట. రాయికి నీళ్లు పోయాలా, నూనె పోయాలా?

ఒంగోలు లేత్:
పాత కత్తి మీదైతే చూడనివ్వండి, చెయ్యి అట్టాగే తిరుగుతుంది. కళ్లద్దాలు తప్పనిసరి, చేతికి గ్లౌజులూ వద్దు, మెడలో తువ్వాలూ వద్దు, చక్రం లాగేసుకుంటుంది. చక్రానికీ ముందున్న ఆనుడుకీ (పనిముట్టు ఆనించే పట్టీ) మధ్య ఎడం 3 మిల్లీమీటర్లు దాటనివ్వద్దు.

నెల్లూరు ఫిట్టర్:
నీళ్లే పోయక్కా. నూనె ఒకసారి పోశావంటే రాయి పీల్చేసుకుంటుంది, ఇక ఎప్పటికీ నూనెతోనే పట్టాలి.