ఒకవైపు కాలేజ్ ఫుట్‌బాల్ మొదలు, మరోవైపు బేస్‌బాల్ ఆఖరి నెల: ఈ సీజన్‌లో మీ ఆశలు, అంచనాలు రాయండి

కొలంబస్_వాసు | 2025 ఆగస్టు 25

ఈ శనివారం మధ్యాహ్నం 12 గంటలకి టెక్సాస్ యూనివర్సిటీ జట్టు మా ఊరు కొలంబస్ వస్తోంది. అసోసియేటెడ్ ప్రెస్ ర్యాంకుల్లో వాళ్లు 1, మా ఒహాయో స్టేట్ 3. టెక్సాస్ నంబర్ వన్‌గా సీజన్ మొదలుపెట్టడం వాళ్ల చరిత్రలోనే ఇది మొదటిసారి. బేస్‌బాల్ చూస్తే రెగ్యులర్ సీజన్ సెప్టెంబర్ 28తో అయిపోతుంది. రెండూ చూసేవాళ్లు ఇక్కడ చాలామందే ఉన్నారు కదా, ఎవరి మీద ఆశ పెట్టుకున్నారో, ఏ మ్యాచ్ కోసం ఎదురుచూస్తున్నారో రాయండి. కొత్తగా వచ్చిన స్టూడెంట్స్‌కి కూడా పనికొస్తుంది.

ముందు నా సంగతి. జనవరి 10న ఆర్లింగ్టన్‌లో ఇవే రెండు జట్లు ఆడిన సెమీఫైనల్ ఇంకా కళ్ల ముందే ఉంది. మావాళ్లు 21-14తో ముందున్నారు. టెక్సాస్ మా గోల్ లైన్‌కి ఒక్క యార్డు దూరంలో ఉంది. స్కోరు సమం అయిపోయినట్టే అనుకున్నాం. వాళ్లేమో నేరుగా తోసుకుని వెళ్లకుండా బంతిని పక్కకి పిచ్ చేశారు. మావాళ్లు వెనకే పట్టేసి లాగి పడేశారు. నాలుగో డౌన్‌లో, అంటే ఆఖరి అవకాశంలో, మా జాక్ సాయర్ వాళ్ల క్వార్టర్‌బ్యాక్ (బంతి అందుకుని ఆట నడిపేవాడు) క్విన్ ఎవర్స్ చేతిలోంచి బంతి ఊడగొట్టి, అది తనే పట్టుకుని 83 యార్డులు పరిగెత్తాడు. ఆ ఇద్దరూ 2021లో ఇక్కడే ఒకే గదిలో ఉన్నవాళ్లు. ఆ తర్వాత పది రోజులకి నోటర్ డామ్‌ని 34-23తో కొట్టి టైటిల్ తెచ్చుకున్నాం.

ఇప్పుడు సాయర్ లేడు, క్వార్టర్‌బ్యాక్ విల్ హోవర్డ్ లేడు, డిఫెన్స్ నడిపిన జిమ్ నోల్స్ పెన్ స్టేట్‌కి వెళ్లిపోయాడు. కొత్త క్వార్టర్‌బ్యాక్ జూలియన్ సేయిన్‌కి ఇది మొట్టమొదటి స్టార్ట్. టెన్షన్ లేదంటే అబద్ధం. అయినా పాస్‌లు పట్టే రిసీవర్ జెరెమయా స్మిత్, డిఫెన్స్‌లో వెనక కాపలా ఉండే సేఫ్టీ కేలెబ్ డౌన్స్ లాంటివాళ్లు ఇంకే జట్టులోనూ లేరు. స్కోర్లు పెద్దగా రావు, గెలుపు మాత్రం మాదే.

ఫ్రిస్కో_లక్ష్మి | ఆగస్టు 25

వాసు గారూ, ఆ ఒక్క యార్డు గురించి మా ఇంట్లో ఇప్పటికీ చర్చ నడుస్తూనే ఉంది. మా అబ్బాయి ఆస్టిన్‌లోనే చదువుతున్నాడు కాబట్టి మేమంతా లాంగ్‌హార్న్స్ (టెక్సాస్ జట్టు) వైపే.

మా కొత్త క్వార్టర్‌బ్యాక్ ఆర్చ్ మానింగ్ మీద అందరికీ ఆశలు ఆకాశంలో ఉన్నాయి. ఆర్చీ మానింగ్ మనవడు, పేటన్‌కీ ఈలైకీ అన్న కొడుకు, ఆ ముగ్గురూ పేరుమోసిన క్వార్టర్‌బ్యాక్‌లే. పేరు చూసి పొగుడుతున్నారని కొందరంటారు, నాకైతే ఆ కుర్రాడి కాళ్లలో వేగం, పడ్డాక లేచే తీరు నచ్చుతాయి. కానీ పోయిన ఏడాది స్టార్ట్ చేసింది రెండే మ్యాచ్‌లు. ఇప్పుడు లక్షమంది అరుస్తుంటే ఆడాలి. అంతకన్నా పెద్ద భయం క్వార్టర్‌బ్యాక్‌కి కాపలా కాసే ఆఫెన్సివ్ లైన్ గురించి, అక్కడ దాదాపు అంతా కొత్తవాళ్లే. వాళ్లు కుదురుకునేసరికి సెప్టెంబర్ అయిపోతుంది. శనివారం ఓడినా అక్టోబర్‌కి మా జట్టే బెస్ట్ అని నా గట్టి నమ్మకం.

డాలస్ వైపు ఉన్నవాళ్లు అక్టోబర్ 11 మాత్రం వదులుకోకండి. కాటన్ బౌల్‌లో ఓక్లహోమాతో మ్యాచ్, బయట స్టేట్ ఫెయిర్. మ్యాచ్ టికెట్‌తోనే ఫెయిర్‌లోకి వెళ్లొచ్చు. సరిగ్గా 50 యార్డుల గీత దగ్గర స్టేడియం రెండుగా చీలినట్టుంటుంది, ఒక సగం ఆరెంజ్, ఇంకో సగం ఎరుపు. గీతకి ఇటు అందరూ లేచి అరుస్తుంటే అటు మనిషి కదలడు, రెండు నిమిషాల్లో అంతా తారుమారు. కారు తీసుకెళ్లొద్దు. డార్ట్ గ్రీన్ లైన్ రైలెక్కితే ఫెయిర్ పార్క్ గేటు దగ్గరే దిగుతారు.

సియాటిల్_మూర్తి | ఆగస్టు 25

నేను బేస్‌బాల్ మనిషిని, నిన్నటి మ్యాచ్ గురించి రాయకుండా ఉండలేను. మొదటి రెండు ఇన్నింగ్స్‌లోనే మా మారినర్స్ క్యాచర్ కాల్ రాలీ రెండు హోమ్ రన్‌లు కొట్టాడు. ఈ సీజన్‌లో అతనికి అవి 48, 49. ఒక సీజన్‌లో క్యాచర్ కొట్టిన హోమ్ రన్‌లలో 2021లో సాల్వడార్ పెరెజ్ పెట్టిన 48 రికార్డు పోయింది.

కొత్తవాళ్ల కోసం ఒక మాట. క్యాచర్ అంటే రోజూ వందకి పైగా బంతులకి గొంతుకూర్చుని లేవాలి, 95 మైళ్ల వేగంతో వచ్చే బంతి పట్టాలి, ఫౌల్ బంతులు భుజాలకీ మోకాళ్లకీ తగులుతుంటే భరించాలి, పిచర్‌కి ఏ బంతి వేయాలో చెప్పాలి. ఇదంతా చేశాక బ్యాట్ పట్టుకోవాలి. ఆగస్టు వచ్చేసరికి క్యాచర్ల కాళ్లు ఈడ్చుకుపోతుంటాయి. ఆ పని చేస్తూ ఇన్ని కొట్టడం నా జీవితంలో చూడలేదు. ఇక ముందున్నవి రెండు మైలురాళ్లు: రెండు చేతులా బ్యాటింగ్ చేసేవాళ్లలో మికీ మాంటిల్ 1961లో కొట్టిన 54, మా మారినర్స్ రికార్డుగా ఉన్న కెన్ గ్రిఫీ జూనియర్ 56. రెండూ దాటతాడు, రాసిపెట్టుకోండి.

జట్టు సంగతి అంత తేలిక కాదు. మేజర్ లీగ్ మొత్తంలో వరల్డ్ సిరీస్ ఒక్కసారి కూడా ఆడని జట్టు మాదే. 2001లో 116 మ్యాచ్‌లు గెలిచి కూడా వెళ్లలేదు. 2022లో హ్యూస్టన్‌తో 18 ఇన్నింగ్స్ దాకా సున్నాకి సున్నా లాక్కొచ్చి చివరికి 1-0తో ఓడాం. ఇప్పుడు కూడా డివిజన్‌లో హ్యూస్టన్ కాస్త ముందుంది. జూలైలో వేరే జట్ల నుంచి బ్యాటర్లు నేలర్‌నీ సువారెజ్‌నీ తెచ్చుకున్నారు కాబట్టి బ్యాటింగ్ మీద బెంగ లేదు. అందరూ వైల్డ్ కార్డ్ (డివిజన్ గెలవకపోయినా ప్లేఆఫ్‌లో దొరికే చోటు) చాలంటున్నారు, నాకు చాలదు. డివిజన్ గెలిచి టాప్ రెండులో ఉంటే మొదటి రౌండ్ ఆడక్కర్లేదు. వైల్డ్ కార్డ్ అయితే మూడు మ్యాచ్‌ల సిరీస్, అదీ తక్కువ సీడ్ వస్తే మూడూ ఎదుటివాళ్ల ఊళ్లోనే.

గుంటూరు_టు_టెక్సాస్ | ఆగస్టు 26

అందరికీ నమస్తే. మాస్టర్స్ కోసం ఈ నెలలోనే టెక్సాస్ ఏ అండ్ ఎమ్‌కి వచ్చాను. క్యాంపస్‌లో ఎక్కడ విన్నా ఫుట్‌బాల్ మాటే. శనివారం మొదటి మ్యాచ్ యూటీఎస్ఏ (శాన్ ఆంటోనియో యూనివర్సిటీ)తో అంట. స్టూడెంట్స్‌కి టికెట్ ఎలా దొరుకుతుంది, వెళ్లేముందు ఏం తెలుసుకోవాలి? ఇంకో డౌట్, ఒక్క మ్యాచ్ ఓడితే సీజన్ పోయినట్టేనా?

ఎగ్గీ_అన్న | ఆగస్టు 26

తమ్ముడూ, వెల్‌కమ్. స్పోర్ట్స్ పాస్ తీసుకుంటే ఆ వారంలో మీ క్లాస్‌కి కేటాయించిన రోజు టికెట్ తీసుకోవచ్చు. నలుగురు కలిసి తీసుకోండి, పక్కపక్క సీట్లు వస్తాయి. సీటు పేరుకే గానీ మ్యాచ్ అయ్యేదాకా స్టూడెంట్స్ అంతా నిలబడే ఉంటారు, అది అక్కడి ఆచారం. కాబట్టి మంచి బూట్లు వేసుకో, నీళ్లు బాగా తాగి వెళ్లు, ఆగస్టు ఎండ మామూలుగా ఉండదు. పెద్ద బ్యాగ్ తీసుకెళ్లకు, లోపల ఉన్నది పైకి కనిపించే చిన్న బ్యాగే అనుమతిస్తారు.

ముందు రోజు రాత్రి మన స్టేడియం కైల్ ఫీల్డ్‌లో మిడ్‌నైట్ యెల్ ఉంటుంది, దానికి తప్పకుండా వెళ్లు. అర్ధరాత్రి వేలమంది ఒకే చేతి సైగకి ఒకేసారి వంగి అరుస్తుంటే గుండెలో కొట్టుకున్నట్టుంటుంది. కేకలన్నీ అక్కడే నేర్చుకుంటే మర్నాడు తడుముకోనక్కర్లేదు.

సెప్టెంబర్ 13న నోటర్ డామ్‌లో మ్యాచ్ ఉంది, మన జట్టు సత్తా అక్కడ తేలుతుంది. థాంక్స్‌గివింగ్ మర్నాడు, నవంబర్ 28న ఆస్టిన్‌లో టెక్సాస్‌తో. 2011 తర్వాత ఆగిపోయిన ఆ పోటీ పోయిన ఏడాదే మళ్లీ మొదలైంది, మన గడ్డ మీదే 17-7తో ఓడాం. లక్ష్మి గారూ, ఈసారి బాకీ తీర్చుకుంటాం.

కొలంబస్_వాసు | ఆగస్టు 26

రెండో డౌట్‌కి నేను చెప్తా. ఇదివరకు ప్లేఆఫ్‌కి నాలుగు జట్లే వెళ్లేవి, ఒక్క ఓటమి అంటే కత్తి మీద సామే. పోయిన ఏడాది నుంచి 12 జట్లు. మావాళ్లు ఓరెగన్ చేతిలో ఓడారు, నవంబర్ 30న సొంతగడ్డ మీద మిషిగన్ చేతిలో 13-10తో ఓడారు, అయినా చివరికి కప్పు కొట్టారు. ఇంకో మార్పు కూడా వచ్చింది. పోయినసారి టాప్ నాలుగు కాన్ఫరెన్స్ (జట్ల గ్రూపు) చాంపియన్లకే మొదటి రౌండ్ మినహాయింపు ఇచ్చారు, ఆ నాలుగు జట్లూ ఆడిన మొదటి మ్యాచ్‌లోనే ఓడిపోయాయి. ఈసారి నేరుగా ర్యాంకుల ప్రకారమే సీడింగ్. మొదటి రౌండ్ డిసెంబర్ 19, 20 తేదీల్లో క్యాంపస్‌లలోనే, ఫైనల్ జనవరి 19న మయామీలో.

కోర్టు ఒప్పందం పుణ్యమా అని ఈ జూలై నుంచి కాలేజీలే ఆటగాళ్లకి నేరుగా డబ్బిస్తున్నాయి, ఒక్కో కాలేజీకి ఈ ఏడాది సుమారు 2.05 కోట్ల డాలర్ల దాకా. నా మటుకు ఇది న్యాయం. లక్షమంది టికెట్ కొనేది ఆ పిల్లల ఆట చూడ్డానికే.

నోవై_సుజాత | ఆగస్టు 26

ఆ 13-10 సంగతి మీరే ఎత్తారు కాబట్టి వచ్చాను వాసు గారూ. మిషిగన్ చేతిలో మీవాళ్లు వరసగా నాలుగేళ్లు ఓడారు. కప్పు మీదగ్గరే ఉండొచ్చు, మా ఊళ్లో లెక్క మాత్రం వేరు. నవంబర్ 29న ఆన్ ఆర్బర్‌లో అయిదోది. మా క్వార్టర్‌బ్యాక్ బ్రైస్ అండర్‌వుడ్ ఇక్కడి బెల్‌విల్ కుర్రాడే, కాలేజీలో మొదటి ఏడాది. నవంబర్‌కల్లా రాటుదేలతాడు.

బేస్‌బాల్లో మా డెట్రాయిట్ టైగర్స్ ఈసారి డివిజన్‌లో బాగా ముందున్నారు. 1984 తర్వాత మాకు వరల్డ్ సిరీస్ టైటిల్ లేదు. ధైర్యమంతా మా పిచర్ టారిక్ స్కూబల్. అయిదు మ్యాచ్‌ల సిరీస్‌లో అతను మొదటిదీ చివరిదీ వేయగలడు. మిగతా మూడిట్లో ఒక్కటి గెలిస్తే చాలు. పిల్లలున్నవాళ్లు సెప్టెంబర్‌లో ఒక ఆదివారం మా స్టేడియం కొమెరికా పార్క్‌కి తీసుకెళ్లండి, లోపలే రంగులరాట్నం, జెయింట్ వీల్ ఉంటాయి. పిచ్ క్లాక్ (పిచర్ బంతి వేయడానికి పెట్టిన గడువు) వచ్చాక మ్యాచ్ రెండున్నర గంటల చిల్లరలో అయిపోతోంది, పిల్లలు విసిగించరు.

ఎల్ఏ_రఘు | ఆగస్టు 26

అందరూ డాడ్జర్స్‌ని మర్చిపోయినట్టున్నారు! 2000లో యాంకీస్ తర్వాత వరసగా రెండేళ్లు ఎవరూ గెలవలేదు, ఈసారి మావాళ్లు గెలుస్తారు. ఒటానీ జూన్ నుంచి మళ్లీ పిచింగ్ చేస్తున్నాడు. జట్టులో దెబ్బలు తగిలినవాళ్లు అక్టోబర్‌కి తిరిగొస్తే మమ్మల్ని ఆపడం కష్టం. భయమల్లా బుల్‌పెన్ (మ్యాచ్ మధ్యలో వచ్చే పిచర్లు) గురించే. మిల్వాకీతో ఈ ఏడాది ఆరు మ్యాచ్‌లు ఆడి ఆరూ ఓడాం, అది కూడా మనసులో ఉంది. ఈ నెలలో వరసగా 14 గెలిచిన జట్టు అది.

ఫ్రిస్కో_లక్ష్మి | ఆగస్టు 26

రెండు ఆటలూ కలిసే చోట ఒక మనిషి ఉన్నాడు, చెప్పడం మర్చిపోయాను. మా రేంజర్స్ పిచర్ కుమార్ రాకర్. తల్లి లలిత భారతీయ కుటుంబంలో పుట్టినావిడ. తండ్రి ట్రేసీ రాకర్ 1988లో ఆబర్న్ ఫుట్‌బాల్ జట్టులో, ఉత్తమ లైన్‌మన్‌కి ఇచ్చే అవుట్‌లాండ్ ట్రోఫీ గెలిచిన డిఫెన్సివ్ లైన్‌మన్. కుమార్ 2019లో వాండర్‌బిల్ట్ తరఫున ఒకే మ్యాచ్‌లో 19 స్ట్రైకౌట్‌లు చేసి, ఒక్క హిట్ కూడా ఇవ్వకుండా నో-హిట్టర్ వేశాడు. తర్వాత మోచేతి సర్జరీ, ఈ ఏడాది నిలకడ లేదు. అయినా ఆ స్లైడర్ (పక్కకి తిరిగే బంతి) ఉన్న మనిషిని వదులుకోకూడదు.

నిజాంపేట_నైట్‌షిఫ్ట్ | ఆగస్టు 27

హైదరాబాద్ నుంచి చూసేవాళ్ల కోసం టైమింగ్స్. కొలంబస్ మ్యాచ్ మనకి శనివారం రాత్రి 9:30కి. నవంబర్ 2న అక్కడ గడియారం వెనక్కి తిప్పుతారు, ఆ తర్వాత కొలంబస్ టైమ్ మధ్యాహ్నం 12 మ్యాచ్‌లన్నీ మనకి రాత్రి 10:30కి. వరల్డ్ సిరీస్ అక్టోబర్ 24న మొదలు, మనకి 25 తెల్లవారుజామున అయిదు దాటాక. వైల్డ్ కార్డ్ రౌండ్ సెప్టెంబర్ 30 నుంచి అక్టోబర్ 2 దాకా, దసరా సెలవులే కాబట్టి నిద్ర గురించి బెంగ అక్కర్లేదు.

కొలంబస్_వాసు | ఆగస్టు 27

అందరికీ వినాయక చవితి శుభాకాంక్షలు. కొలంబస్ వాళ్లూ, శనివారం పూజ 12 లోపే ముగించమని పంతులు గారిని అడిగాను, సరేనన్నారు. ప్రసాదం పట్టుకుని హాల్లోనే పెద్ద స్క్రీన్ మీద చూద్దాం. ప్రొజెక్టర్ ఎవరి దగ్గరుందో చెప్పండి.