శుద్ధి చేసిన మురుగునీటితో తోట తడిపితే బాధ్యత ఎవరిది?

పచ్చికబయలు:

మా నివాస సముదాయంలో తోట పనులు చూసే కమిటీలో నేనొక సభ్యురాలిని. ఇంతకాలం లాన్‌కూ, దారి పక్కనున్న చెట్లకూ తాగునీరే పోస్తున్నాం. ఇకపై శుద్ధి కేంద్రం నుంచి వచ్చే నీటిని తోటకు ఇస్తామని సరఫరా సంస్థ ముందుకొచ్చింది. సంతోషమే. కానీ వాళ్లు పంపిన ఒప్పందంలో సగానికి పైగా ‘వినియోగదారుడి బాధ్యతలు’ అన్న భాగమే ఉంది.

శుద్ధి చేసేది వాళ్లు, పరీక్షించేది వాళ్లు. మరి షరతులన్నీ మాకెందుకు? తోటలో ఉన్న కుళాయిలన్నీ తీసేయాలట. రాత్రిపూట మాత్రమే తడపాలట. హెచ్చరిక బోర్డులు పెట్టాలట. ‘స్థల పర్యవేక్షకుడు’ అని ఒకరి పేరు రాసివ్వాలట. మొన్న సమావేశంలో ఒకాయన లేచి, “నీళ్లు శుభ్రమైతే ఈ బోర్డులెందుకు? శుభ్రం కాకపోతే పిల్లలు ఆడుకునే చోట పోయడమెందుకు?” అని నిలదీశారు. నా దగ్గర జవాబు లేదు.

ఇప్పుడున్న స్ప్రింక్లర్ పైపులనే వాడుకోవచ్చా? తెలిసినవాళ్లు చెప్పండి.

నల్లా:

మేం చాలాకాలంగా వాడుతున్నాం, ఎవరికీ ఏమీ కాలేదు. ఇదేమీ కొత్త సంగతి కాదు. శాన్ ఫ్రాన్సిస్కోలోని గోల్డెన్ గేట్ పార్కుకు 1932లోనే శుద్ధి చేసిన మురుగునీరు ఇచ్చారు. ఆ షరతులన్నీ సంస్థ తన జాగ్రత్త కోసం రాసుకునేవి. సంతకం పెట్టేయండి, నీళ్లు వస్తాయి.

ఊదా పైపు:

సంతకం పెట్టండి, కానీ చదివి పెట్టండి. పార్కుల్లో, పెద్ద ప్రాంగణాల్లో ఈ నీటి లైన్ల బాగోగులు చూడడమే నా ఉద్యోగం కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపిక పట్టండి.

ముందు ఆ లేచి అడిగినాయన ప్రశ్న. అది మంచి ప్రశ్నే. ‘శుభ్రం’ అంటే ఏ పనికి శుభ్రం అన్నది చూడాలి. ఉదాహరణకు కాలిఫోర్నియా నియమావళిలో ఇలాంటి నీటి వాడకం గురించి చెప్పే ‘టైటిల్ 22’ తీసుకోండి. పార్కులు, ఆటస్థలాలు, ఇళ్ల ముందు లాన్‌లు తడపాలంటే నీటిని జీవ ప్రక్రియతో శుద్ధి చేసి, ఆపై వడపోసి, క్రిమిసంహారం చేయాలి. ఇసుక వంటి వడపోత వాడితే మడ్డితనం 24 గంటల సగటున 2 ఎన్‌టీయూ (మడ్డితనాన్ని కొలిచే ప్రమాణం) దాటకూడదు. నీరు కలుషితమైందో లేదో తెలిపే కోలిఫాం బ్యాక్టీరియా సంఖ్య 100 మిల్లీలీటర్లకు ఏడు రోజుల మధ్యస్థ విలువలో 2.2కు మించకూడదు, ఏ ఒక్క నమూనాలోనూ 240 దాటకూడదు. గాజు గ్లాసులో పట్టి పక్కన పెడితే తాగునీటికీ దీనికీ తేడా కంటికి తెలియదు. తడి పచ్చికలో పిల్లలు పరిగెత్తినా, ఒంటి మీద నాలుగు చుక్కలు పడినా ఫరవాలేదన్న లెక్కతో పెట్టిన ప్రమాణం అది. రోజూ తాగడానికి పెట్టింది కాదు.

బోర్డులు, రంగులు అందుకే. నీళ్లు మురికిగా, వాసన వేస్తూ ఉంటే ఎవరూ దగ్గరికి పోరు, బోర్డు అక్కర్లేదు. రంగూ వాసనా లేని మందును మంచినీళ్ల సీసాలో పోసి చీటీ అంటించకుండా పెడతామా? ఒప్పందంలో మీకు విసుగనిపించిన షరతుల్లో చాలా భాగం నీటి నాణ్యత గురించి కాదు, మనుషులు పొరబడడం గురించి. శుద్ధి కేంద్రంలోని ఇంజినీరుకు మీ ప్రాంగణంలో ఏ పైపు ఎటు పోతుందో తెలియదు. మీటరు దాకా బాధ్యత వాళ్లది, దాటాక మీది. ఆ గీత ఎక్కడుందో పటం మీద చూపించమని అడగండి.

ఇక పాత పైపులు. ఇక్కడే నాకు భయం. వాడుకోవచ్చు, కానీ ఆ లైనులో ప్రతి అంగుళం ఎటు పోతుందో తేలాక మాత్రమే.

ఒక ప్రాంగణంలో ఇలాగే తోట లైనును మార్చే ముందు పరీక్ష పెట్టాం. పద్ధతి తేలికే. తాగునీటి ప్రధాన వాల్వ్ మూసేస్తాం. భవనాల్లో ఒక్కో కుళాయి తిప్పి పైపుల్లో మిగిలిన నీళ్లన్నీ పోనిస్తాం. తోట లైనులో మాత్రం పీడనం ఉంచుతాం. తర్వాత గది గదికీ తిరిగి కుళాయిలు చూస్తాం. నీళ్లు ఎక్కడా రాకూడదు. మొదట బుసబుసమని గాలి, తర్వాత చుక్కలు, ఆ తర్వాత ఏమీ లేదు. అన్నీ అలాగే ఆగిపోయాయి, కాపలాదారు గది వెనకున్న చిన్న వాష్‌బేసిన్ తప్ప. దాని ధార సన్నబడింది గానీ ఆగలేదు. ఎంతసేపు చూసినా ఆగలేదు. గోడ వెంబడి తవ్వించి చూస్తే, ఎప్పుడో ఎవరో తోట పైపు దగ్గరగా ఉందని దాంట్లోంచే ఒక పాయ లాగి ఆ బేసిన్‌కు ఇచ్చారు. అప్పట్లో అది తప్పేమీ కాదు, తోటలో పారేదీ తాగునీరే కదా. ఏ పటంలోనూ ఆ పాయ లేదు. పరీక్ష చేయకుండా వాల్వ్ తిప్పి ఉంటే ఆ కాపలాదారు మరునాటి నుంచి శుద్ధి చేసిన మురుగునీటితో నోరు పుక్కిలించేవాడు.

తర్వాత తిరగేసి కూడా చేయాలి, అంటే తోట లైను ఖాళీ చేసి, తాగునీటి లైనులో పీడనం ఉంచి, స్ప్రింక్లర్లలో నీరు వస్తుందేమో చూడాలి. మొదటిసారి చేసి వదిలేయకండి. ప్లంబరు కొత్తగా చేయి పెట్టిన ప్రతిసారీ అనుమానించాల్సిందే. మీ తాగునీటి మీటరు దగ్గర నీరు వెనక్కి పోకుండా ఆపే బ్యాక్‌ఫ్లో వాల్వ్ ఉండాలని కూడా ఒప్పందంలో రాసి ఉంటారు. దాన్ని ఏటా పరీక్షింపజేయాలి.

కొత్తగా వేసే పైపులు ఊదా రంగువి వాడండి, పాతవాటికి బయటికి కనిపించే చోటల్లా ఊదా టేపు చుట్టించండి. కాలిఫోర్నియాలో 1993 జూన్ 1 తర్వాత వేసే ఈ నీటి పైపులన్నిటికీ ఆ రంగు చట్టంగా పెట్టారు. చాలా చోట్ల అదే గుర్తు. వాల్వ్ పెట్టెల మూతలు, స్ప్రింక్లర్ తలలు కూడా ఊదావి దొరుకుతాయి. భూమిలో తాగునీటి పైపు పైన, ఇది కింద ఉండాలి. రెండూ ఒకే గుంటలో పక్కపక్కనే వేయకూడదు.

కుళాయిలు తీసేయమన్నదీ ఇందుకే. తోటలో కుళాయి కనబడితే దాహం వేసినవాడు తిప్పుతాడు. పిల్లలు సీసాలు నింపుకుంటారు. ‘తాగరాదు’ అన్న బోర్డు చదవడం రాని వయసు వాళ్లే ముందు తిప్పుతారు. బదులుగా నేలలో పెట్టెలో ఉండి, ప్రత్యేకమైన తాళంచెవి పెడితేనే తెరుచుకునే క్విక్ కప్లర్లు (గొట్టం తగిలించుకునే అమరికలు) వాడండి. తాగునీటి కప్లర్‌కు సరిపోయే తాళంచెవి దీనికి పట్టకూడదు.

పచ్చికబయలు:

చాలా కృతజ్ఞతలు. ఆ బేసిన్ సంగతి చదివాక మా కాపలాదారు గది వెనక్కి వెళ్లి చూసి వచ్చాను! మరి రాత్రిపూటే తడపమనడం ఎందుకు? ఇంకొక మాట. శుద్ధి కేంద్రం మరమ్మతులకు ఆగితే తోట ఎండిపోకుండా తాగునీటి లైనును వాల్వ్ పెట్టి దీనికి కలిపి ఉంచుకుందామని మా ప్లంబరు అంటున్నాడు.

ఊదా పైపు:

రెండోదానికి ముందు జవాబు, వద్దు. వాల్వ్ ఒకటే అడ్డుగా ఉన్న కలయికను ఏ నియమావళీ ఒప్పుకోదు. వాల్వులు అరుగుతాయి, ఎవరో మరచిపోయి తెరిచి ఉంచుతారు. తాగునీటి పీడనం తగ్గిన క్షణంలో నీరు ఎటు పారాలో ప్లంబరును అడిగి పారదు. తాగునీటితో భర్తీ చేయాల్సిందే అయితే ట్యాంకు కట్టి, పైనుంచి గాలి ఖాళీ వదిలి పోయాలి. ఆ ఖాళీ పైపు వ్యాసానికి కనీసం రెండింతలు ఉండాలి. పైపు చివర ఎప్పటికీ నీటిలో మునగకూడదు.

రాత్రి అనేది మనుషులు లేని సమయం కోసం. పైగా ఆవిరి నష్టం తక్కువ, గాలి తక్కువ. గాలి ఉన్నప్పుడు తుంపరలు ఎక్కడిదాకా పోతాయో ఒకసారి లైటు వేసి నిలబడి చూడండి, ఆశ్చర్యపోతారు. ఆ తుంపర ఇళ్ల కిటికీల్లోకి, బయట కూర్చుని తినే బల్లల మీదికి, తాగునీటి ఫౌంటెన్ల మీదికి పోకూడదు. స్ప్రింక్లర్ తలలు తిప్పి సరిచేయాలి, లేదా ఆ అంచున డ్రిప్ వేయాలి. తాగునీటి బావి గానీ బోరు గానీ ఉంటే దూరం పాటించాలి. టైటిల్ 22 ప్రకారం ఈ నాణ్యత గల నీటికి సాధారణంగా 50 అడుగులు, అదే నీటిని నిల్వ చేసే చెరువుకు 100 అడుగులు. మీ దగ్గర ఎంతో ఒప్పందంలో చూసుకోండి.

నీరు మీ హద్దు దాటి వాన కాలువలోకి పారకూడదు. ఉదయాన్నే కాలిబాట తడిసి ఉందంటే రాత్రి ఎక్కువ పోశారన్నమాట. వాన పడుతుంటే కూడా టైమర్ తన పని తాను చేసుకుపోతుంది, దానికి వాన సెన్సర్ పెట్టించండి.

మట్టివాసన:

పైపుల సంగతి ఆయన చెప్పారు, మొక్కల సంగతి నేను చెబుతాను. శుద్ధి కేంద్రం క్రిములను తీసేస్తుంది, ఉప్పును తీయదు. సరఫరా సంస్థను నీటి విశ్లేషణ నివేదిక అడగండి. అందులో విద్యుత్ వాహకత చూడండి, నీటిలో ఉప్పు ఎంతుందో చెప్పే అంకె అదే. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ మార్గదర్శకాల ప్రకారం మీటరుకు 0.7 డెసీసీమెన్స్ లోపు అయితే చింత లేదు, 3 దాటితే గట్టి జాగ్రత్త కావాలి. మధ్యలో ఉంటే మొక్కను బట్టి. సోడియం, క్లోరైడ్, బోరాన్ విడిగా చూడాలి. ఆకుల మీద నీరు పడే పద్ధతిలో క్లోరైడ్ లీటరుకు సుమారు 100 మిల్లీగ్రాములు దాటితే సున్నితమైన మొక్కల ఆకుల అంచులు మాడడం మొదలవుతుంది. పచ్చిక తట్టుకుంటుంది, దాని పక్కనున్న పొద తట్టుకోదు. స్ప్రింక్లర్ నీరు అందినంత ఎత్తు వరకు ఆకులు గోధుమ రంగుకు తిరిగి, ఆ పైన పచ్చగా ఉన్న చెట్టు కనిపిస్తే తెగులు మందు కొట్టించకండి, నీటిని అనుమానించండి.

ఎరువు కూడా తగ్గించాలి. లీటరుకు 15 మిల్లీగ్రాముల నత్రజని ఉన్న నీరు అనుకుందాం. వెయ్యి చదరపు మీటర్ల లాన్‌కు రోజుకు 5 మిల్లీమీటర్లు పోస్తే 5,000 లీటర్లు, అంటే రోజుకు 75 గ్రాముల నత్రజని. నెలకు రెండు కిలోల పైనే. దాన్ని లెక్కలోకి తీసుకోకుండా పాత అలవాటు ప్రకారం ఎరువు చల్లితే మిగిలింది భూగర్భ జలాల్లోకి దిగుతుంది. అది కూడా మీ బాధ్యతల జాబితాలో ఉండే ఉంటుంది, సాధారణంగా ఎవరూ చదవరు.

వేర్ల దగ్గర పేరుకున్న ఉప్పును అప్పుడప్పుడు ఎక్కువ నీటితో కిందికి దింపాలి. ఇక్కడ ఊదా పైపు గారితో నాకు చిన్న పేచీ. నీరు పారకూడదు పారకూడదు అని భయపడి రోజూ తలా చెంచాడు పోస్తే ఉప్పు పైపొరలోనే ఉండిపోతుంది.

ఊదా పైపు:

పేచీ ఏమీ లేదు, ఒప్పుకుంటాను. పారకుండానే ఎక్కువ పోయవచ్చు. ఒకే విడతలో అరగంట కాకుండా పది నిమిషాలు పోసి, ఇంకేదాకా ఆగి, మళ్లీ పది నిమిషాలు పోయాలి. టైమర్‌లో ఆ ఏర్పాటు ఉంటుంది. బంకమట్టి నేలలో ఇది తప్పనిసరి.

పచ్చికబయలు గారూ, పర్యవేక్షకుడి గురించి మీరు మళ్లీ అడగలేదు గానీ చెప్పేస్తాను. కమిటీలో పెద్దమనిషి పేరు గౌరవంగా రాసిచ్చి ఊరుకోకండి. ఏ వాల్వ్ ఎక్కడుందో తెలిసినవారు, ఎవరినీ అడగకుండా దాన్ని మూసే అధికారం ఉన్నవారు, ఫోను ఎత్తేవారు కావాలి. తోట పనివాళ్లకు ఆయనే చెప్పాలి: ఈ నీరు తాగొద్దు, దీంతో పాత్రలు కడగొద్దు, తినే ముందు చేతులు సబ్బుతో కడుక్కోండి. పనివాళ్లు మారినప్పుడల్లా మళ్లీ చెప్పాలి. పైపు పగిలి నీరు పోతే ఎంత పోయిందో రాసి, సరఫరా సంస్థకు వెంటనే తెలపాలి. కాలిఫోర్నియాలో ఈ స్థాయి శుద్ధి నీరు 50,000 గ్యాలన్లు, అంటే దాదాపు 1.9 లక్షల లీటర్లు, కాలువల్లో కలిస్తే అధికారులకు తెలపడం చట్టం. మీ ఒప్పందంలో అంతకన్నా చిన్న అంకె ఉండవచ్చు.

నల్లా:

సరే, సంతకం పెట్టేయండి అన్న నా సలహాను వెనక్కి తీసుకుంటున్నాను. ఒక సందేహం. మా లాన్ మధ్యలో నేలలోంచి నీరు చిమ్మే ఫౌంటెన్ ఉంది. దానికీ ఇదే లైను. ఎండాకాలంలో పిల్లలు అందులో తడుస్తుంటారు.

ఊదా పైపు:

దూరం నుంచి చూసే అలంకార ఫౌంటెన్ వేరు, పిల్లలు దిగి నోరు తెరుచుకుని ఆడేది వేరు. రెండోదానికి ఈ లైను పనికిరాదు. ఈ రోజే ఆపించండి. తాగునీటికి మార్చేటప్పుడు పాత కలయికను వాల్వ్ మూసి వదలకండి, పైపు కోయించి మూత బిగించమనండి. ఆ తర్వాత పైన చెప్పిన పరీక్ష, రెండు వైపులా.