చర్చ: ఇంగ్లిష్ పద్యం హోంవర్క్ తెలుగులో ఆలోచించి రాస్తే తప్పా?

నాగావళి గట్టు (శ్రీకాకుళం):
మా పాప పదో తరగతి. ఎన్‌సీఈఆర్‌టీ ఇంగ్లిష్ పుస్తకంలో మొదటి పద్యం రాబర్ట్ ఫ్రాస్ట్‌ది, ‘డస్ట్ ఆఫ్ స్నో’. దిగులుగా ఉన్న మనిషి మీద కాకి ఒకటి హెమ్‌లాక్ చెట్టు మీది మంచుపొడి రాలుస్తుంది, అతని మనసు కాస్త తేలికపడుతుంది. అంతే సంగతి. ఆ మాటలు ఎలా పనిచేశాయో రాసుకురమ్మన్నారు. పాప ముందు తెలుగులో రాసుకుని తర్వాత ఇంగ్లిష్‌లో పెట్టింది. టీచరమ్మ కొట్టేసి గైడు చూసి రాయమన్నారు. గైడులో కాకి అశుభం, హెమ్‌లాక్ విషపు చెట్టు అని ఉంది. నాకు మనసొప్పడం లేదు. మీరేమంటారు?

కంటోన్మెంట్ మాస్టారు (విజయనగరం):
అమ్మా, చాలా ఏళ్లుగా ట్యూషన్లు చెబుతున్నాను. పేపర్లు దిద్దేవారి ముందు కట్టలకి కట్టలుంటాయి. వాళ్లు వెతికే మాట కనబడకపోతే మార్కు పోయినట్టే. పైగా తెలుగులో ఆలోచిస్తే ఇంగ్లిష్ వాక్యం కూడా తెలుగు నడకే నడుస్తుంది. ఈ ఏడాది గైడు పట్టనివ్వండి, సొంత ఆలోచనలు ఇంటర్‌లో చూసుకోవచ్చు.

నాగావళి గట్టు:
వాక్యం గురించి మీరన్నది నిజమే మాస్టారూ, పాప రాసింది నేనూ రెండుసార్లు దిద్దాను. ఆలోచన సంగతి వేరు. ఆ రాత్రి “అమ్మా, మంచు కొమ్మ మీద ఎలాగుంటాది? కాకి దులిపితే రాలడానికి అదేటి పిండా?” అనడిగింది. దానికి తెలిసిన మంచు పుష్యమాసంలో తెల్లారగట్ల నాగావళిని కమ్మేసేది. మనకి ఫాగ్‌కీ స్నోకీ ఒకటే మాట కదా. తెలుగులో అడిగింది కాబట్టే ఆ చిక్కు బయటపడింది. అప్పుడు ‘డస్ట్’ దగ్గర ఆగింది. “గడ్డ కాదమ్మా, పొడి. నెత్తిన పడితే దెబ్బ తగలదు, చల్లగా తగుల్తాది” అంది. తర్వాత వేళ్ల మీద లెక్కపెట్టింది. 8 పాదాలు, 34 మాటలు, అంతా కలిపి ఒకటే వాక్యం. ‘గివెన్’, ‘హెమ్‌లాక్’ తప్ప అన్నీ ఒక్క ఊపున పలికేవే. చిన్న సంగతికి చిన్న మాటలు వాడాడని రాసింది. విశ్లేషణంటే ఇది కాక ఇంకేమిటి?

గైడు మాటకొస్తే, సోక్రటీసుకి ఇచ్చిన విషం హెమ్‌లాక్ అనే మొక్కది. పద్యంలోది అదే పేరున్న వేరే చెట్టు, దేవదారు లాంటిది, విషం లేదు. పేరు వినగానే విషం గుర్తొస్తుందని రాస్తే ఒప్పుకుంటాను, చెట్టే విషమంటే ఎలా? కాకి మన పెరటిగోడ మీద అరిస్తే చుట్టాలొస్తారనుకుంటాం. పాప రాసింది అదే.

వంశధార ఒడ్డు (టీచర్ని):
1863లో శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి గారు సవర నేర్చుకుని, సవర పిల్లలకి వాళ్ల భాషలోనే చదువు చెప్పాలని పుస్తకాలు రాశారు. ఇంటి మాట బడిలోకి రావాలన్న పోరాటం మన జిల్లాకి కొత్త కాదు. మా క్లాసులో నోటుబుక్కు ఎడమ పేజీ ఇంటి మాటకి, కుడి పేజీ ఇంగ్లిష్‌కి. గైడు మాట రాయాలంటే పద్యంలో అది ఏ పాదంలో కనబడిందో పక్కన రాయాలి. ఒక్కో పద్యానికి రెండు పీరియడ్లు అదనంగా పడుతున్నాయి. సిలబస్ వెనకబడుతోందని నన్నూ అడుగుతున్నారు. అయినా ఎడమ పేజీ మాన్పించను.