నల్లజాతి ఇంగ్లీషును తెలుగులో ఏ యాసలోకి తేవాలి?

1930ల ఫ్లోరిడా నల్లజాతి పల్లె నవల అనువాదానికి సలహా కావాలి. అక్కడి నల్లజాతివాళ్ల ఇంగ్లీషులో ‘హి బి వర్కింగ్’ అంటే ‘ఇప్పుడు చేస్తున్నాడు’ కాదు, ‘ఎప్పుడూ చేస్తూంటాడు’. అది తప్పుడు ఇంగ్లీషు కాదు, దానికంటూ వ్యాకరణం ఉంది. శ్రీకాకుళం యాసో తెలంగాణ యాసో పెడితే పాత్రలకు మన ఊరూ కులమూ అంటుకుంటాయి. అందరికీ పత్రికల భాషే పెడితే తెల్ల యజమానికీ కూలీకీ తేడా చెరిగిపోతుంది. ఏ జిల్లాకూ కట్టుబడని వాడుక భాషతో నెట్టుకొచ్చినవాళ్లు ఉన్నారా?

ఇక పిలుపులు. ‘నీగ్రో’ అప్పట్లో నల్లజాతివాళ్లు తమకు తాము గౌరవంగా వాడుకున్న మాట. న్యూయార్క్ టైమ్స్ 1930లో గౌరవంగా దాని మొదటి అక్షరాన్ని పెద్ద ‘ఎన్’ (క్యాపిటల్) చేసింది. మన లిపిలో ఆ సదుపాయమే లేదు! ‘ఆఫ్రికన్ అమెరికన్’ అంటే కాలం తప్పుతుంది. తెల్లవాడి తిట్టుకు ‘నల్లోడా’ చాలదు, మన ఇళ్లలో అది ముద్దుపేరు కూడా. ఆ తిట్టును తెలుగు లిపిలో అలాగే ఉంచి ముందుమాటలో వివరించాలా, పేజీ అడుగునా?