వేదాంబురాశినిధి: ఇది ఏ సంవత్సరం?

ప్రశ్నకర్త:
ఈ వారం ప్రశ్న కాస్త గట్టిది. రాజరాజ నరేంద్రుడి కోరుమిల్లి శాసనంలో ఆయన పట్టాభిషేకం గురించి ఈ శ్లోకం ఉంది.

యో రక్షితుం వసుమతీం శకవత్సరేషు
వేదాంబురాశినిధివర్తిషు సింహగేర్కే
కృష్ణద్వితీయదివసోత్తరభద్రికాయాం
వారే గురోర్వణిజి లగ్నవరేభిషిక్తః

సూర్యుడు సింహరాశిలో ఉండగా, బహుళ విదియ నాడు, ఉత్తరాభాద్ర నక్షత్రంలో, గురువారం, తులాలగ్నంలో పట్టం కట్టుకున్నాడని భావం. మరి శకవత్సరం ఎంత? శ్లోకంలో ఒక్క అంకె కూడా లేదు. చరిత్ర పుస్తకం తిరగేసి సంవత్సరం చెప్పేయడం కుదరదు, మాటలను విప్పి చూపించాలి.

కథలప్రియ:
వేదాలు నాలుగు, అంబురాశి అంటే సముద్రం కాబట్టి ఏడు, నిధులు తొమ్మిది. శకం 479. దానికి 78 కలిపితే క్రీ.శ. 557. కానీ అప్పటికి వేంగిలో తూర్పు చాళుక్యులే లేరు. ఎక్కడో మెలిక ఉంది.

లెక్కల మాస్టారు:
మెలిక దిశలో ఉంది. ‘అంకానాం వామతో గతిః’ అన్నారు. మొదట చెప్పిన మాట ఒకట్ల స్థానం, తరువాతిది పదుల స్థానం, ఆ తరువాతిది వందల స్థానం. మీ అంకెలే తిప్పి రాయండి: 974. అంటే 1052. అది రాజరాజు ఏలుబడిలోనే ఉంది.

కొత్త సభ్యుడు:
‘అర్కే’ని వదిలేశారేమిటి? అర్కుడు అంటే పన్నెండు కదా, ద్వాదశాదిత్యులు. అది కూడా కలపాలి.

లెక్కల మాస్టారు:
కలిపితే శకం పన్నెండు వేలు దాటుతుంది నాయనా. అక్కడ అర్కుడు ఉత్త సూర్యుడే, సింహరాశిలో కూర్చుని ఉన్నాడు. ‘శకవత్సరేషు’తో అన్వయించేది ‘వర్తిషు’ దాకానే. సంఖ్య అంతటితో సరి.

శాసనాల సంచి:
మాస్టారు దిశ సరిచేశారు కానీ సంవత్సరం ఇంకా కుదరలేదు. 1052 ఆయన ఏలుబడిలోనే పడుతుంది కాబట్టి ఎవరూ అనుమానించరు. పట్టాభిషేకం మాత్రం అప్పటికి ముప్పై ఏళ్ల కిందటి ముచ్చట.

ముందు పదవిభాగం చూద్దాం. ఈ సమాసాన్ని తప్పుగా విడగొట్టడానికి కనీసం రెండు దారులున్నాయి. ‘రాశి’ని విడిగా తీస్తే పన్నెండు వస్తుంది, మేషం నుంచి మీనం దాకా. అప్పుడు ‘అంబు’ ఒంటరిగా మిగిలిపోతుంది. ‘నిధి’ని కూడా నీళ్లతోనే ముడిపెట్టాలనిపిస్తుంది, జలనిధి, అంబునిధి అన్నవి మనకు అలవాటైన మాటలు కాబట్టి. ఇక్కడ అంబురాశి ఒక మాట, నీళ్ల కుప్ప, అంటే సముద్రం. నిధి వేరే మాట. పద్మం, మహాపద్మం, శంఖం, మకరం అంటూ కుబేరుడి దగ్గర ఉండే తొమ్మిదింటిలో ఒకటి.

ఇక సముద్రం ఎంత? భూతసంఖ్యల్లో, అంటే అంకెకు బదులు ఆ లెక్కకు పేరుపడ్డ వస్తువును చెప్పే ఈ పద్ధతిలో, సముద్రం నాలుగు. ఏడు కాదు. కాబట్టి వేద 4, అంబురాశి 4, నిధి 9. వెనక నుంచి చదివితే శకం 944, అంటే క్రీ.శ. 1022.

కథలప్రియ:
ఇది నాకు మింగుడుపడటం లేదు. మాంత్రికుడి ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలుకలో ఉంటుంది, నాలుగు సముద్రాల అవతల కాదు. లవణ, ఇక్షు, సురా, సర్పి, దధి, క్షీర, జల సముద్రాలని పురాణాలే పేర్లతో సహా ఏడు చెప్పాయి. ఆ నాలుగింటికి పేర్లు ఏమిటి?

శాసనాల సంచి:
ఆ నాలుగింటికి పేర్లు అక్కర్లేదు, దిక్కులు చాలు. భూమికి నాలుగు వైపులా ఉన్నవి. ఇది కూడా మన ఇళ్లలో వినిపించేదే. ప్రవర చెప్పేటప్పుడు మొదటి మాట ‘చతుస్సాగరపర్యంతం గోబ్రాహ్మణేభ్యః శుభం భవతు’. సముద్రగుప్తుణ్ణి గుప్తుల శాసనాలు ‘చతురుదధి సలిలాస్వాదిత యశసః’ అని పొగిడాయి, నాలుగు సముద్రాల నీళ్లు రుచి చూసిన కీర్తి గలవాడని. ద్వీపాల వర్ణనలో సముద్రాలు ఏడు, రాజ్యపు సరిహద్దు చెప్పేటప్పుడు నాలుగు. లెక్కలు కట్టేవాళ్లు రెండోదాన్ని తీసుకున్నారు.

పద్యప్రియ:
నమ్మకం కుదరకపోతే వేళ్లు మడిచి చూడండి. ఛందస్సులో దీనికి సాక్ష్యం ఉంది. మందాక్రాంత లక్షణం ఇది:

మందాక్రాంతాంబుధిరసనగైర్మో భనౌ తౌ గయుగ్మమ్

అంబుధి, రస, నగ. ఎన్నేసి అక్షరాలకు విరామం రావాలో ఈ మూడు మాటలే చెబుతున్నాయి. పాదానికి పదిహేడు అక్షరాలు. సముద్రం నాలుగు, రసం ఆరు, పర్వతం ఏడు అయితే పదిహేడు సరిగ్గా వస్తుంది. సముద్రాన్ని ఏడు చేస్తే ఇరవై అవుతుంది. పైగా ఆ లక్షణ వాక్యం కూడా మందాక్రాంతలోనే ఉంది: ‘మందాక్రాంతాం’ నాలుగు, ‘బుధిరసనగై’ ఆరు, మిగిలినవి ఏడు. ఏ అక్షరం దగ్గర ఆగాలో చెబుతూనే అక్కడ ఆగుతుంది. ఇంత ముద్దొచ్చే నిర్వచనం వ్యాకరణంలో కూడా అరుదు.

లెక్కల మాస్టారు:
ఛందస్సు మీరు చూశారు, వారం నేను చూస్తాను. జూలియన్ పంచాంగం ప్రకారం 1022 జనవరి 1 సోమవారం. చరిత్రకారులు చెప్పే పట్టాభిషేకం తేదీ ఆగస్టు 16, ఆ ఏట 228వ రోజు. 227ను ఏడుతో భాగిస్తే మూడు మిగులుతుంది. సోమవారానికి మూడు కలిపితే గురువారం. ‘వారే గురోః’ సరిపోయింది. ఒక్క వారం కుదిరితే అది ఏడింట ఒక వంతు అదృష్టం కావచ్చు. కానీ పౌర్ణమి దాటి చంద్రుడు ఉత్తరాభాద్రలో ఉండటం, సూర్యుడు సింహంలో ఉండటం కూడా ఆ రోజుకే కుదురుతున్నాయి. ఇన్ని కలిశాక 944 గురించి వాదించడానికి ఏమీ లేదు.

కథలప్రియ:
సంవత్సరం ఒప్పుకుంటాను. పద్ధతి మాత్రం అన్యాయంగా ఉంది. రసాలు ఆరట! నవరసాలు ఏమైపోయాయి?

పద్యప్రియ:
అవి నాట్యశాస్త్రం సంగతి. అందులోనూ భరతుడు చెప్పినవి ఎనిమిదే, శాంతం తరువాత చేరింది. లెక్కల్లో రసం అంటే నాలుకకు తెలిసేది. ఉగాది పచ్చడి గుర్తుంటే ఆరు మరిచిపోరు. శిఖరిణి లక్షణం ‘రసై రుద్రైశ్ఛిన్నా’ అని మొదలవుతుంది. ఆరు, పదకొండు, మొత్తం పదిహేడు.

తెలుగు బడిలో చదివినవారికి ఇంకొక సరదా. శార్దూలానికి యతి పదమూడో అక్షరమని బట్టీ పట్టాం. సంస్కృత లక్షణం ‘సూర్యాశ్వైర్మసజస్తతాః సగురవః శార్దూలవిక్రీడితమ్’ అంటుంది. సూర్యుడు పన్నెండు, ఆయన గుర్రాలు ఏడు, మొత్తం పందొమ్మిది. పన్నెండు దగ్గర సంస్కృతం ఆగుతుంది. ఆ ఆగిన చోటు తరువాతి అక్షరం పదమూడోది, మన యతిమైత్రి అక్కడ పడుతుంది. వాళ్ల విరామమూ మన యతీ వేరు వేరు సంగతులే అయినా చోటు ఒకటే.

కొత్త సభ్యుడు:
అంటే ప్రతి మాటకూ ఒకే అంకె స్థిరంగా ఉంటుందన్నమాట. పట్టిక ఒకటి రాసుకుంటే సరిపోతుందా?

శాసనాల సంచి:
చాలావరకు సరిపోతుంది. అగ్ని మూడు (గార్హపత్యం, ఆహవనీయం, దక్షిణాగ్ని), రాముడు మూడు (పరశురాముడు, దాశరథి, బలరాముడు), బాణం అయిదు మన్మథుడి పుణ్యాన, వసువు ఎనిమిది, నందుడు తొమ్మిది, గోరు ఇరవై, పన్ను ముప్పైరెండు. ఆకాశం సున్న. కానీ ‘లోక’ దగ్గర పట్టిక చేతులెత్తేస్తుంది. మూడు లోకాలు, ఏడు లోకాలు, పద్నాలుగు లోకాలు, మూడూ వాడుకలో ఉన్నాయి. మాలిని లక్షణం చూడండి: ‘ననమయయయుతేయం మాలినీ భోగిలోకైః’. భోగి అంటే పాము, ఎనిమిది. మాలినికి పదిహేను అక్షరాలు కాబట్టి ఇక్కడ లోకం ఏడు. మరో చోట మూడు కావచ్చు. మొత్తం తెలిసినప్పుడే భాగం తెలుస్తుంది.

దీర్ఘం దగ్గర కూడా జాగ్రత్త. నగ అంటే కొండ, ఏడు. నాగ అంటే ఎనిమిది. నాగం పామా, ఏనుగా అని తన్నుకోనక్కర్లేదు, రెండూ ఎనిమిదే. అంగ ఆరు, అంక తొమ్మిది. శాసనం చెక్కేవాడి ఉలి కొంచెం జారితే రాజుగారి వయసు మారిపోతుంది.

కథలప్రియ:
అంత ప్రమాదమైతే తిన్నగా ‘నలభైనాలుగు, తొమ్మిది వందలు’ అని రాయవచ్చుగా!

పద్యప్రియ:
రాశారు కూడా, వచనంలో. పద్యంలో చిక్కు ఏమిటంటే ‘చతుర్’కు ఉన్నది ఒక్క నడక. అదే నాలుగుకు శ్రుతి రెండు లఘువులు, వేద గురులఘువులు, పయోధి లగలం, అంబురాశి నాలుగు అక్షరాలు. ఏ గణానికి కావలసిన మాట ఆ గణానికి దొరుకుతుంది. కోరుమిల్లి శ్లోకం వసంతతిలకం. రెండో పాదం తగణంతో మొదలవ్వాలి. ‘వేదాంబు’ అనగానే గురువు, గురువు, లఘువు కుదిరాయి. కవికి అంకె కంటే గణమే ముందు.

లెక్కల మాస్టారు:
మేళకర్త రాగాల పేర్లు కూడా ఇలాంటివేనా అని ఎవరో విడిగా అడిగారు. కాదు, అది కటపయాది, అక్షరాలకు అంకెలు. ధీరశంకరాభరణంలో ధ తొమ్మిది, ర రెండు, తిప్పితే 29. అక్కడ అర్థంతో పని లేదు. దాని కోసం వేరే ప్రశ్న పెట్టుకుందాం. ఇప్పుడు అర్థంతోనే పని ఉన్న పెద్ద లెక్క ఒకటి ఇస్తాను. కేరళ గణితజ్ఞుడు సంగమగ్రామ మాధవుడిదిగా చెప్పే శ్లోకం:

విబుధనేత్రగజాహిహుతాశన
త్రిగుణవేదభవారణబాహవః
నవనిఖర్వమితే వృతివిస్తరే
పరిధిమానమిదం జగదుర్బుధాః

వ్యాసం తొమ్మిది నిఖర్వాలు అయితే పరిధి ఎంత? నిఖర్వం అంటే ఒకటి పక్కన పదకొండు సున్నలు.

కొత్త సభ్యుడు:
ప్రయత్నిస్తాను. విబుధులు అంటే దేవతలు, 33. నేత్ర 2, గజ 8, అహి 8, హుతాశన 3, త్రి 3, గుణ 3, వేద 4. తరువాత ‘భవారణ’ను ఎలా విడగొట్టాలో తెలియలేదు. భవుడు అంటే శివుడు, పదకొండా?

శాసనాల సంచి:
భవుణ్ణి తీస్తే ‘ఆరణ’కు అర్థం కుదరదు. ‘భ’ అంటే నక్షత్రం, 27. వారణం ఏనుగు, 8. బాహువులు 2. వెనక నుంచి పేర్చండి, కానీ 27ను 72 చేయకండి. రెండంకెల మాట లోపల తిరగబడదు.

కొత్త సభ్యుడు:
2, 8, 27, 4, 3, 3, 3, 8, 8, 2, 33. మొత్తం 2827433388233. తొమ్మిది నిఖర్వాలతో భాగిస్తే 3.14159265359 వచ్చింది! పదకొండు దశాంశ స్థానాలదాకా సరిపోయింది. మాధవుడిది 14వ శతాబ్దం కదూ? అన్నట్టు, దేవతలు 33 అని రాశాను కానీ ఆ లెక్క ఎలా వచ్చిందో చెప్పగలరా?

పద్యప్రియ:
వసువులు 8, రుద్రులు 11, ఆదిత్యులు 12, అశ్వినులు 2. అశ్వినుల బదులు ఇంద్రుణ్ణీ ప్రజాపతినీ చెప్పే లెక్క ఉపనిషత్తులో ఉంది, మొత్తం మాత్రం మారదు. ఈ నాలుగు పేర్లూ మళ్లీ విడివిడిగా భూతసంఖ్యలే, మీ పట్టికలో రాసుకోండి.