చర్చ: ఎయిర్‌పోర్టు తనిఖీకి కొత్తవాళ్లకు శిక్షణ ఇవ్వాలా, పాతవాళ్లనే పంపాలా?

పటమట సుధీర్:
గన్నవరం ఎయిర్‌పోర్టును నడిపేది ఏఏఐ (కేంద్రం ఎయిర్‌పోర్టుల సంస్థ), లైసెన్సు ఇచ్చేది డీజీసీఏ (పౌర విమానయాన నియంత్రణ సంస్థ). తనిఖీ అధికారులు చాలక ఏఏఐ వాళ్లనే డిప్యుటేషన్ మీద తెచ్చుకుంటే ఇంక అది తనిఖీ ఎలా అవుతుంది? 2014 జనవరిలో అమెరికా మన దేశం విమాన భద్రత రేటింగ్ తగ్గించింది. విమాన సంస్థలను తనిఖీ చేసే అధికారులు తగినంతమంది లేరన్నది అప్పటి ప్రధాన కారణం. మళ్లీ 2015 ఏప్రిల్‌లో గానీ పాత రేటింగ్ రాలేదు. ఎయిర్‌పోర్టుల వైపు ఆ పరిస్థితి రాకూడదు. మన గుంటూరు, బెజవాడ కాలేజీల నుంచి ఇంజనీర్లను తీసుకుని మొదటి నుంచీ ఈ పనికే తయారు చేయాలి.

రిటైర్డ్ ఫైర్‌మ్యాన్:
సుధీర్ గారూ, పుస్తకం చదివితే వచ్చే పని కాదండీ ఇది. ఫైర్ బండి 3 నిమిషాల్లోపు రన్‌వే చివరికి చేరి ఫోమ్ కొట్టాలి, 2 నిమిషాల్లో చేరితే ఇంకా మంచిది. డ్రిల్ ఉందని ముందే తెలిస్తే డ్రైవరు ఇంజను ఆన్ చేసి కూర్చుంటాడు. కుర్ర ఇన్‌స్పెక్టర్ స్టాప్‌వాచ్ చూసి టిక్కు పెట్టి పోతాడు. అనుభవం ఉన్నవాడు సైరన్ మోగకముందే వెళ్లి బానెట్ మీద చెయ్యి వేసి చూస్తాడు. కాలిందా, డ్రిల్ రద్దు.

కేసరపల్లి వాసి:
ఎవరు వచ్చినా మా మీదే కదా పడేది. పక్షులు వస్తున్నాయని మా అన్నయ్య చికెన్ షాపు మూయించారు. ఎయిర్‌పోర్టు చుట్టూ 10 కిలోమీటర్ల రూలంట. మరి హోటళ్ల వాళ్లు రాత్రిపూట కాలవగట్టున పోసే చెత్తకు పక్షులు రావా?

పటమట సుధీర్:
అది పంచాయతీ పని. ఇక్కడ మాట్లాడేది ఇన్‌స్పెక్టర్ల శిక్షణ గురించి.

కేసరపల్లి వాసి:
పంచాయతీకి కాగితం ఎక్కడి నుంచి వచ్చింది మరి? 1937 నాటి విమాన నిబంధనల్లో 91వ రూలు చదవండి. మాంసం కొట్లతో పాటు హోటళ్ల చెత్త అని కూడా రాసుంది.

గుంటూరు లక్ష్మి:
2021 ఫిబ్రవరిలో దోహా నుంచి వచ్చిన విమానం రెక్క గన్నవరంలోనే స్తంభానికి తగిలింది. 64 మంది క్షేమంగా బయటపడ్డారు. అలాంటి చోట విమానం నడిచే దారి మీది గీతలూ చూడాలి, మనుషులు పనిచేసే తీరూ చూడాలి. రెండూ తెలిసినవాళ్లు కావాలి.

పటమట సుధీర్:
ఫైర్ సార్, సూటిగా అడుగుతున్నా. మీతో పాతికేళ్లు ఒకే మెస్‌లో తిన్న మనిషి మీద మీరు లోపం రాస్తారా? ఏడాదికి డిప్యుటేషన్ అయిపోయాక ఆయన కిందే పనిచేయాల్సి వస్తే?

రిటైర్డ్ ఫైర్‌మ్యాన్:
మర్యాదగా మాట్లాడండి. రాశాను కాబట్టే అనుభవించాను. నీళ్ల ట్యాంకు మట్టం తక్కువుందని రిజిస్టర్లో ఎక్కించాను. ఆ పేజీ మార్చి రాయమన్నారు, నేను రాయనన్నాను. నా తర్వాత చేరినవాళ్లకు ప్రమోషన్లు వచ్చాయి, నేను అదే హోదాలో రిటైరయ్యాను. అప్పుడు నా వెనక నిలబడ్డవాడు ఒక్కడు లేడు. మీ కుర్ర ఇంజనీరు వెనక ఎవరు నిలబడతారు?

పటమట సుధీర్:
నేను అడిగేదీ అదే సార్! తిరిగి అదే సంస్థకు వెళ్లాల్సిన అవసరం లేనివాడైతే పేజీ మార్చమన్నా భయపడడు. మీకు జరిగిందే నా వాదనకు సాక్ష్యం.

రిటైర్డ్ ఫైర్‌మ్యాన్:
కాదు. పని తెలియనివాడికి ఆ ట్యాంకు మట్టం తక్కువుందని కూడా తెలియదు. ఇక భయపడేదెక్కడ?

కేసరపల్లి వాసి:
మా అన్నయ్య మీద రాసినాయనకు ఏ భయమూ లేదు. కొట్టు చిన్నది కాబట్టి. హోటలు మీద రాసి చూపించమనండి.

గుంటూరు లక్ష్మి:
బాబాయ్ గారూ, సుధీర్ గారూ, ఒక్క మాట. దొరికిన ప్రతి లోపం, దాన్ని సరిచేయడానికి ఇచ్చిన గడువు, ఎన్నిసార్లు పొడిగించారు, ఇవన్నీ ప్రయాణికులకు కనిపించేలా పెడితే? అప్పుడు పేజీ మార్చడం అంత తేలిక కాదు కదా.

రిటైర్డ్ ఫైర్‌మ్యాన్:
అమ్మా, దానికి నేను సిద్ధం. ఆ రోజు అలాంటిది ఉండుంటే నా పని అలా అయ్యేది కాదు. పదేళ్లు ఫీల్డులో చేసినవాడికి ఆర్నెల్లు ఆడిట్ శిక్షణ ఇచ్చి పంపమంటాను.

పటమట సుధీర్:
జాబితా బయట పెట్టడానికి నేనూ ఒప్పుకుంటా. పదేళ్లు చేసినవాడిని తీసుకున్నా పర్వాలేదు, కానీ పాత ఉద్యోగానికి రాజీనామా చేసి రావాలి. డిప్యుటేషన్ అంటే మాత్రం ఒప్పుకోను.

కేసరపల్లి వాసి:
ఆ జాబితాలో కాలవగట్టు చెత్త కూడా ఉండాలి. ఎవరు పోశారో పేరుతో సహా.